మూడే తినే జింక

మా టోల్మన్ వాగు ఊళ్ళో ఎవరికి ఏ జబ్బుందో, ఏ అన్నదమ్ముల మధ్య మాటల్లేవో అందరికీ తెలుసు. ఇరవై ఏడేళ్ళు ఊరికి ఉత్తరాలు పంచినదాన్ని కాబట్టి నాకు ఇంకో నాలుగు ఎక్కువే తెలుసు. తెలియనిదల్లా ఒక్కటే, మే నెలలో ఫిడిల్‌హెడ్లు ఎవరు ఎక్కడ కోసుకుంటారన్నది.

వరద తీశాక ఏటి ఒడ్డు నల్లమట్టిలోంచి ఒక జాతి ఫెర్న్ లేస్తుంది. ఆకు విచ్చుకోకముందు దాని మొలక ఫిడేలు తలలాగా చుట్ట చుట్టుకుని ఉంటుంది, అదే ఫిడిల్‌హెడ్. ఆ పది పన్నెండు రోజుల్లోనే తుంచుకోవాలి. బాగా ఉడకబెట్టి, వెన్న వేసి, రెండు చుక్కలు వెనిగర్ చల్లుకుని తింటే ఆరు నెలల మంచు మనసులోంచి దిగిపోతుంది. ప్రతి ఇంటికీ ఒక చోటు ఉంటుంది. దాన్ని అడగడం మర్యాద కాదు, చెప్పడం తెలివి కాదు. మా అమ్మ నాకు మా చోటు చూపించింది నా ముప్పై ఒకటో ఏట. అంతవరకూ నా నోటి మీద ఆవిడకు నమ్మకం లేదు. మా ఆయన వెండెల్ నాతో ముప్పై నాలుగేళ్ళు కాపురం చేసి, ఆ చోటు ఎక్కడో తెలియకుండానే పోయాడు. పాపం, ఒక్కసారీ అడగలేదు. మంచి మనిషి.

అడిగేవాడు బర్పీ. బర్పీ ఎస్టాబ్రూక్స్ మా పక్కింటాయన. నాకంటే ఏడేళ్ళు పెద్ద. వయసుతో పాటు బుద్ధి కూడా వస్తుందని ఎవరన్నారో గానీ బర్పీని చూసి మాత్రం అని ఉండరు.

"ఏం వెర్నా, ఈ ఏడు ఎక్కడ దొరికాయేంటి?" అనేవాడు కంచె మీద మోచేతులు ఆనించి.

"నేల మీద."

"తూర్పు వైపా, పడమటి వైపా?"

"పై వైపు లేచాయి బర్పీ. మొక్కలు కదా."

"సరేలే, నీ గుట్టు నీ దగ్గరే పెట్టుకో. మేం మాత్రం రైలు వంతెన కింద కోశాం."

రైలు వంతెన కింద గులకరాళ్ళు తప్ప ఏమీ మొలవవని మా ఊళ్ళో పసిపిల్లకు కూడా తెలుసు. ఒకటి రెండుసార్లు నా పడవ వెనకే తన పడవ వేసుకుని వచ్చాడు. నేను మూడు గంటలు ఏట్లో చక్కర్లు కొట్టి, ఖాళీ బుట్టతో ఇంటికొచ్చి, వాడికి నడుంనొప్పి మిగిల్చాను.

మా చోటు ఊరికి కాస్త ఎగువన, ఏటి వంపులో ఉన్న లంక. వరద తీశాక అది ఒడ్డుకు కలిసిపోతుంది గానీ మధ్యన పొదలు దట్టం, నేను పడవలోనే వెళ్తాను. దాని నిండా మేపుల్ చెట్లు. ఒక్కో మొదలు నుంచి మూడేసి, నాలుగేసి మానులు లేస్తాయి. ఏప్రిల్ వరదలో నడుం లోతు నీళ్ళలో నిలబడతాయి గానీ చావవు. మంచుగడ్డలు కొట్టుకుని కొట్టుకుని ఎగువ వైపు బెరడు చెక్కుకుపోయి ఉంటుంది. ఆకుకు అడుగు భాగం తెలుపు, గాలి వేస్తే లంక మొత్తం కళాయి పెట్టినట్టు మెరుస్తుంది. ఆ చెట్టు పేరేమిటని నేనెప్పుడూ ఆలోచించలేదు. దాని నీడలో మా కూర మొలుస్తుంది, నాకంతే.

ఒక్కో దుబ్బుకు ఏడెనిమిది మొలకలుంటాయి. మూడు తుంచి మిగతావి వదిలెయ్యాలి, లేకపోతే దుబ్బు చచ్చిపోతుంది. అది అమ్మ నేర్పిన పద్ధతి. నేను వెళ్ళేసరికి కొన్ని దుబ్బులు అప్పటికే తుంచి ఉండేవి. సరిగ్గా మూడేసి. "జింక పని" అని అమ్మ చెప్పింది. ముప్పై అయిదేళ్ళు నేనూ అదే నమ్మాను. మూడు తిని మిగతావి వదిలేసే జింక! ఎంత పద్ధతిగా పెరిగిందో అని ముచ్చటపడ్డాను కూడా.

ఆ ఏడు మే రెండో వారంలో పోస్టాఫీసు గోడ మీద ఓ నోటీసు అంటించారు. కొండ దగ్గర రోడ్డు మలుపు తీసేసి తిన్నగా వేస్తారట. దానికి కొండను తవ్వుతారు. తవ్విన మట్టీ రాళ్ళూ తీసుకెళ్ళి ఏటి వంపులో ఉన్న లంక మీద ఇరవై అడుగుల ఎత్తున పోస్తారు. పక్కన పటం, పటంలో ఎర్రగీత. ఆ గీత లోపల ఉన్నది మా చోటు.

నోటీసుకు కట్టిన రిపోర్టు తీసి నిలబడే చదివాను. నలభై పేజీల్లో చెట్ల మాట రెండు లైన్లు. "ఎర్ర మేపుల్. విరివిగా పెరిగే రకం. ఆందోళన అక్కర్లేదు. నేల వాడకంలో లేదు. దారి లేదు." ఆందోళన అక్కర్లేదట! ఎవరికి అక్కర్లేదు? ఆ రాసినాయన మార్చి చివర్లో వచ్చి, రోడ్డు మీద కారు ఆపి, దుర్భిణిలోంచి ఎర్రటి పూమొగ్గలు చూసి, ఎర్ర మేపుల్ అని రాసుకుని వెళ్ళిపోయాడు. అది నేను కళ్ళారా చూశాను. బండి దిగలేదు. బూట్లు తడుస్తాయని కాబోలు.

మర్నాడు ఆ చెట్టు కొమ్మ ఒకటి విరిచి, రొట్టె కవర్లో పెట్టుకుని, గంటన్నర బండి నడిపి రాజధాని ఫ్రెడరిక్టన్ వెళ్ళాను. అక్కడ ఎండబెట్టిన మొక్కలను కాగితాలకు అతికించి బీరువాల్లో దాచే ఆఫీసొకటి ఉంది. దానికి పెద్ద, లెనోర్ తిబడో అనే డాక్టరమ్మ. మందుల డాక్టరు కాదు, మొక్కల డాక్టరు. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. గోళ్ళ నిండా మట్టి. ఆ మట్టి చూసే నాకు మంచిదనిపించింది.

లెనోర్ కొమ్మ అందుకుని ఆకు తిరగేసింది. చీలికలు చూసింది. పచ్చిగా వేలాడుతున్న రెక్కల కాయలు వేళ్ళతో తడిమింది. తలెత్తి నా మొహంలోకి చూసింది.

"ఇది ఎర్ర మేపుల్ కాదండీ, వెండి మేపుల్. ఎక్కడిది?"

"చెట్టుది."

"ఆ చెట్టు ఎక్కడుంది?"

"ఏటి ఒడ్డున."

"ఏ ఒడ్డునండీ? మీది టోల్మన్ వాగన్నారు. అక్కడ ఈ చెట్టు ఉండకూడదే!"

గోడకున్న పటం దగ్గరికి తీసుకెళ్ళింది. వెండి మేపుల్ ఎక్కడెక్కడ సొంతంగా పెరుగుతుందో అక్కడంతా ఆకుపచ్చ రంగు పూశారు. పడమట గడ్డిమైదానాల దాకా, దక్షిణాన మంచు మొహమే ఎరగని ఊళ్ళ దాకా ఒకటే ఆకుపచ్చ. మా న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రానికి వచ్చేసరికి ఆ రంగు నది వెంట సన్నగా సాగి, పెద్ద సరస్సు దాటిన కాస్త దూరానికే ఆగిపోయింది. మా ఊరు ఉండాల్సిన చోట తెల్లకాగితం.

"ఈ చెట్టుకు ప్రపంచంలో ఏ లోటూ లేదండీ" అంది లెనోర్. "ఏ చెట్టుకు ముప్పుందో చెప్పే పెద్ద జాబితాలో ఆందోళన అక్కర్లేని చెట్టనే ఉంటుంది, అది నిజమే. కానీ దాని హద్దుకు అరవై కిలోమీటర్లు అవతల, అంత చలిలో, సొంతంగా పెరిగిన తోపు ఉందంటే ఆ మాట వేరు. ఆ విత్తనం ఇంకెక్కడా దొరకదు. అలాంటి తోపు మీద మట్టి పోసేముందు ఎవరైనా ఆగి వినాల్సిందే."

"మరి ఇన్నాళ్ళూ మీ పటంలో ఎందుకు లేదమ్మా?"

"ఎవరూ తెచ్చివ్వలేదు కనక. అరుదైన పువ్వయితే పరుగెత్తుకొచ్చి ఇస్తారు. మామూలు చెట్టు కొమ్మ ఎవరు మోసుకొస్తారు చెప్పండి? మీ ఊళ్ళో కనీసం వంద మంది చూసే ఉంటారు దాన్ని."

"నేనొక్కదాన్నే చూశాను" అన్నాను గర్వంగా.

లెనోర్ ఓ చీటీ తీసి నా ముందు పెట్టింది. "చోటు రాయండి. ఏటికి ఏ వైపు, ఏ వంపు, అన్నీ. చోటు రాయని ఆకు నా బీరువాలోకి వెళ్ళదు. పటంలోకీ ఎక్కదు."

కలం పట్టుకున్నాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. మా అమ్మ, అమ్మమ్మ నోరు మెదపని మాట నేను కాగితం మీద రాయడమా? కలం అక్కడే పెట్టి, కొమ్మ తీసుకుని బయటికొచ్చేశాను.

సగం దారిలో బండి పక్కకు తీసి ఆపాను. నా మీద నాకే ఒళ్ళు మండింది. ఒసేయ్ వెర్నా, ఇరవై అడుగుల మట్టి కింద ఉన్న గుట్టు ఎవడికి కావాలే? నువ్వు దాచక్కర్లేదు, లారీలే దాస్తాయి. బండి వెనక్కి తిప్పాను. చీటీ నిండా రాశాను. వెనక వైపు కూడా రాశాను. రాసి, లెనోర్ మొహం ముందు వేలు ఆడించి, "ఎవరికైనా చెప్పావో!" అన్నాను.

"వెర్నా గారూ, పటం అంటేనే చెప్పడమండీ" అంది పాపం ఆ పిల్ల.

రెండు రోజుల్లో వచ్చింది. నా పడవలోనే లంకకు తీసుకెళ్ళాను. లెనోర్ పెద్ద మానుల్లోకి సన్నటి గొట్టం తిప్పి చెక్క తీసి వలయాలు లెక్కపెట్టింది. పెద్ద చెట్టుకు నూట నలభై ఏళ్ళు దాటాయి. దాని పక్కన అరవై ఏళ్ళది, ఇరవై ఏళ్ళది, మోకాలెత్తు మొక్కలు. అన్ని వయసులవీ ఉన్నాయంటే ఎవరూ నాటలేదు, వాటంతటవే మొలిచాయని చెప్పింది. చెట్టు చుట్టూ చేతులు వేసి నవ్వుతూ నిలబడింది. నాకెందుకో మా అమ్మను ఎవరో పొగిడినట్టు అనిపించింది.

జూన్ మొదటి బుధవారం సాయంత్రం ఫైర్ హాల్లో విచారణ పెట్టారు. రాజధాని నుంచి విచారణాధికారి హార్లన్ స్టీవ్స్ వచ్చాడు. సన్నటి మనిషి, మాటకో దగ్గు. ఊరు ఊరంతా వచ్చింది. అరవై కుర్చీలూ నిండి కొందరు ఫైరింజను మెట్ల మీద కూర్చున్నారు.

లెనోర్ లేచి అంతా వివరంగా చెప్పింది. రిపోర్టు రాసినాయన లేచాడు. ఆయన బూట్లు అప్పుడూ తళతళలాడుతూనే ఉన్నాయి.

"వెండి మేపులే అనుకుందాం. తప్పు నాదే. కానీ ఆ నేల ఎవరికి పనికొస్తోందండీ? అక్కడికి దారే లేదు. ఈ ఊళ్ళో ఒక్కరైనా అక్కడ అడుగు పెట్టినట్టు నాకు కనబడలేదు. నాలుగు కిలోమీటర్ల అవతల పాత కంకర గొయ్యి ఉంది, మట్టి అక్కడ పొయ్యొచ్చు, కాదనను. కానీ ఎవరి కోసం అంత దూరం మోయాలి?"

స్టీవ్స్ కళ్ళద్దాలు సవరించుకుని హాలు వైపు తిరిగాడు. "చెట్లు పాతవే, సొంతంగా పెరిగినవే. అది ఒప్పుకుంటున్నాను. ఆ నేలతో ఈ ఊరికి ఏమైనా సంబంధం ఉందా? వాడుకునేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉంటే ఇప్పుడే చెప్పాలి."

దొంగకు తేలు కుట్టినట్టు అందరూ బూట్లకేసి చూసుకుంటున్నారు. నాకు మండిపోయింది. ఊరి లంక పోతుంటే ఒక్కడికీ చీమ కుట్టినట్టైనా లేదు! లేచి నిలబడ్డాను.

"నేను వాడుకుంటాను" అన్నాను. "మా అమ్మ వాడుకుంది, మా అమ్మమ్మ వాడుకుంది. ఫిడిల్‌హెడ్లు కోసుకుంటాం. ఏటి వంపులో, పెద్ద చెట్టుకు ఎడమ వైపు దుబ్బులు బావుంటాయి. ఇంకా లోపలికి వెళితే ఇంకా బావుంటాయి. చాలా? చెప్పేశాను. ఊరంతా విన్నారుగా. రేపట్నించి బుట్టలు పట్టుకుని పోండి. కానీ మట్టి మాత్రం పొయ్యనివ్వను."

కూర్చోబోతుంటే స్టీవ్స్ అడిగాడు. "మీరు కాక ఇంకెవరు వస్తారండీ అక్కడికి?"

"ఇంకెవరూ రారు. నేనూ, ఓ జింకా."

లెనోర్ తల తిప్పి చూసింది. "జింకా?"

"అవునమ్మా. అదీ మొలకలు తింటుంది. మూడేసి."

"వెర్నా గారూ, జింకలు ఆ ఫెర్న్ ముట్టుకోవండీ. ఆకలేసినా ముట్టుకోవు."

"ముట్టుకోకపోవడమేంటి? ముప్పై అయిదేళ్ళుగా చూస్తున్నా. దుబ్బుకు మూడు తిని..."

అక్కడ ఆగాను. నా మాట నా చెవికే వినబడింది. హాలు వెనకాల ఎవరో కిసుక్కుమని నవ్వి నోరు మూసుకున్నారు. నా ముందు వరసలో బర్పీ మెడ ఎర్రబడింది. ఆ ఎరుపు చెవుల దాకా పాకింది.

"బర్పీ!"

"ఏంటి?" అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

"నువ్వు ఏడాదికి ఎన్నిసార్లు జింకవవుతావు?"

హాలు గొల్లుమంది. బర్పీ మెల్లగా లేచాడు. టోపీ చేతుల్లో నలుపుతున్నాడు.

"మంగళవారాలు వెళ్తాను" అన్నాడు. "మా నాన్న ఉన్నప్పట్నించీ. నేనూ జింకే అనుకున్నాను వెర్నా, ఒట్టు. తొంభై ఎనిమిదిలో ఓసారి ఆ పెద్ద చెట్టు వెనక ఏదో చప్పుడైతే, ఎవరో వచ్చారని గంటసేపు బురదలో బోర్లా పడుకున్నాను."

"ఆ చప్పుడు నాది! నేనూ ఇటుపక్క పడుకున్నాను!"

"నాకు న్యుమోనియా వచ్చింది."

"నీకు సూప్ పంపింది కూడా నేనే కదరా మొద్దూ!"

స్టీవ్స్ బల్ల మీద తట్టాడు. పెదవుల చివర నవ్వు ఉంది గానీ మాట మాత్రం చట్టంలాగే ఉంది. "ఇద్దరు. ఇద్దరు మనుషుల అలవాటును ఊరి వాడకం అని రాయలేను. రేపు పొద్దున తొమ్మిదింటికి లంక చూస్తాను. చూసింది రాస్తాను. అంతే."

బయటికొచ్చాక బర్పీ నా బండి దాకా నడిచాడు. "ఇద్దరం చాలమంటున్నాడు కదా" అన్నాడు. "చాలం" అన్నాను. ఊరి మీద నాకు చచ్చేంత కోపంగా ఉంది. నా పరువు తీసుకుని అందరి ముందూ నిలబడితే, వీళ్ళు నవ్వి కుర్చీలు మడిచి ఇళ్ళకు పోయారు.

పొద్దున స్టీవ్స్‌నూ లెనోర్‌నూ పడవలో ఎక్కించుకుని లంకకు చేర్చాను. ఫెర్నులు అప్పటికి నడుమెత్తు విచ్చుకున్నాయి. గాలికి మేపుల్ కాయలు గిర్రున తిరుగుతూ రాలుతున్నాయి. స్టీవ్స్ పెద్ద చెట్టు కింద నిలబడి చుట్టూ చూశాడు.

"బావుంది" అన్నాడు. "కానీ దారి లేదన్న మాట నిజమే కదండీ."

నేను నోరు తెరిచేలోపే పడమటి పొదల్లో కొమ్మలు కదిలాయి. ఎవరో లోపల్నుంచి ఎండుకొమ్మల కుప్ప ఒకటి లాగి అవతల పారేశారు. దాని వెనక సన్నటి కాలిబాట. బాట మీద బర్పీ, రబ్బరు బూట్లలో.

"ఇది మాది" అన్నాడు. "కనబడకుండా మా నాన్న కొమ్మలు అడ్డం వేసేవాడు."

సరే, ఇద్దరం వచ్చామనుకున్నాను. అంతలో ఉత్తరాన ఇంకో కుప్ప కదిలింది. పెట్రోలు బంకు లీలాండ్, వాళ్ళావిడ, కొడుకు. "మేం గురువారాలు" అన్నాడు లీలాండ్, నా వైపు చూడకుండా. దాని పక్కనే మరో కుప్ప. చర్చిలో ఆర్గాన్ వాయించే థెల్మా. ఆవిడకు మోకాళ్ళు పనిచెయ్యవని ఊరంతా పెళ్ళిళ్ళలో కుర్చీ వేసి కూర్చోబెడతాం! ఆ వెనక, పంచుకోవడం గురించి ఏటా ఒక ఆదివారం ఉపన్యాసమిచ్చే మా పాస్టర్ గారు. ఆ నోటీసు గోడకు అంటించిన పోస్టుమాస్టరమ్మ కూడా. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడ్డం లేదనుకుంటుందట. ఊరంతా పిల్లులమే. అన్ని వైపుల నుంచీ కొమ్మల కుప్పలు పక్కకు జరుగుతున్నాయి, మనుషులు వస్తున్నారు. ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నిలబడిపోతున్నారు. "నువ్వా!" "నువ్వు కూడానా!" "జింకనుకున్నానే!" లంకంతా అదే మాట.

లెనోర్ లెక్కపెట్టింది. పదకొండు బాటలు, నలభై మూడు మంది. పదకొండు బాటలూ ఆ పెద్ద చెట్టు దగ్గరికే వచ్చాయి.

నాకు కోపం ఎటు పోయిందో తెలియదు. నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే కళ్ళు నిండాయి. రాత్రి కుర్చీలు మడిచి వెళ్ళినవాళ్ళు నిద్రపోలేదన్నమాట. తాతల నాటి గుట్టు బయట పెట్టాలా వద్దా అని ఒక్కో ఇంట్లో తెల్లవార్లూ యుద్ధమే జరిగిందని తర్వాత తెలిసింది.

"ఇంత పొద్దెక్కి లేస్తారా మీ ఊళ్ళో వాళ్ళు?"

అందరం గొంతు వినబడ్డ వైపు తిరిగాం. పడిపోయిన మాను మీద ఆల్మా పోల్చీస్ గారు కూర్చుని ఉన్నారు. పక్కన ఫ్లాస్కు, కూతురు. ఏటి అవతల, మాకంటే ఎంతో ముందు నుంచీ ఈ నేల మీదున్న వొలస్తొక్వే ప్రజల ఊళ్ళో అందరికంటే పెద్దావిడ, ఎనభై నాలుగేళ్ళు. పడవ మీద ఎప్పుడొచ్చారో, మాకంటే ముందే వచ్చి టీ తాగుతున్నారు.

"ఆల్మా గారూ, మీకెలా తెలిసింది ఈ చోటు?" అన్నాను.

ఆవిడ నన్ను ఓ క్షణం అలాగే చూశారు. "నాకెలా తెలిసిందా? అమ్మాయ్, నువ్వు ఐరీన్ కూతురివి కదూ? మీ అమ్మమ్మ ఇంట్లో పొయ్యి వెలగని ఏడాది, మా అమ్మే ఆవిణ్ణి తీసుకొచ్చి ఇక్కడ నిలబెట్టింది. దుబ్బుకు మూడే తుంచు, మిగతావి వదిలెయ్ అని చెప్పింది. ఆ రబ్బరు బూట్ల అబ్బాయి తాతక్కూడా మా అమ్మే చూపించింది. ఆకలితో ఎవరొస్తే వాళ్ళకు చూపించింది."

"మరి ఎవరికీ చెప్పొద్దని..." అని నసిగాడు బర్పీ.

"ఆ మాట మా అమ్మ అనలేదు నాయనా. అది మీరు కలుపుకున్నారు."

నలభై మూడు మందిమీ తలలు దించుకున్నాం. సిగ్గేసింది నాకు, ఎందుకు అబద్ధం చెప్పాలి? అమ్మమ్మ నుంచి వచ్చిన ఆస్తి అనుకుని గుండెల్లో దాచుకున్నది వేరేవాళ్ళు చేతిలో పెట్టిన అన్నం. కానీ ఆ సిగ్గు పక్కనే గొప్ప సంతోషం కూడా కలిగింది. మూడే తుంచమన్న మాట మాత్రం ఇన్ని ఇళ్ళల్లో ఎవరూ తప్పలేదు. అందుకే దుబ్బులు బతికి ఉన్నాయి.

స్టీవ్స్ ఆవిడ దగ్గరికి వెళ్ళి, టోపీ తీసి అడిగాడు. "ఈ చెట్లు ఎవరైనా నాటారాండీ?"

"ఎవరు నాటాలి? ఏరే తెచ్చి పెట్టింది. మా అమ్మ చిన్నప్పుడూ ఇంతే ఉండేవి."

స్టీవ్స్ రాసుకున్నాడు. చాలాసేపు రాసుకున్నాడు. ఈసారి ఒక్కసారీ దగ్గలేదు.

పదహారు రోజులకు ఉత్తరం వచ్చింది. లంక మీద పిడికెడు మట్టి పొయ్యకూడదు, మొత్తం కంకర గొయ్యిలోకి తీసుకెళ్ళాలి. చర్చి గంట మోగించమని పాస్టర్ గారే అన్నారు. థెల్మా మోకాళ్ళ సంగతి మర్చిపోయి మేడ మెట్లెక్కి గంట తాడు పట్టుకుంది. ఏటి అవతల కూడా కార్లు హారన్లు మోగించాయి. లెనోర్ కొత్త పటం పంపింది. నది వెంట పాకిన ఆకుపచ్చకు అరవై కిలోమీటర్ల పైన, మా ఊరి దగ్గర, కంది గింజంత ఆకుపచ్చ చుక్క. చెట్టు స్థితి మాత్రం మారలేదు. ఇప్పటికీ ఆందోళన అక్కర్లేదనే ఉంది. మా దగ్గర అక్కర్లేకుండా చేసింది మేమే, అని నేను పోస్టాఫీసు గోడ మీద ఆ పటం కింద పెద్దక్షరాలతో రాశాను. పోస్టుమాస్టరమ్మ చెరిపెయ్యలేదు.

ఆగస్టులో కొండ తవ్వడం మొదలుపెట్టారు. మొదటి లారీ వచ్చే రోజున ఊరంతా మడత కుర్చీలతో రోడ్డు పక్కన చేరాం. ఆల్మా గారిని ముందు వరసలో కూర్చోబెట్టాం. బర్పీ నా పక్కన కూర్చున్నాడు. లారీ కొండ దిగింది. లంక మలుపు దగ్గరికొచ్చి వేగం తగ్గించింది. కాగితం మీద ఏం రాసినా, లారీ తిప్పేది మనిషే కదా. డ్రైవరు కిటికీలోంచి మమ్మల్ని చూసి, హారన్ కొట్టి, గేరు మార్చి, తిన్నగా కంకర గొయ్యి వైపు పోయాడు.

బర్పీ కుర్చీ ఎక్కి అరిచాడు. నేను పెళ్ళిలో ఏడవలేదు, వెండెల్‌ను పంపించినప్పుడు కూడా నలుగురిలో ఏడవలేదు. ఆ రోజు నడిరోడ్డు మీద, అందరి ముందూ, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను, నవ్వాను. ఆ రోజు మొత్తం డెబ్బై రెండు లారీలు వెళ్ళాయి. సాయంత్రం దాకా కూర్చుని ఒక్కో లారీకీ లేచి చప్పట్లు కొట్టాం.